ఇసుకలో మొదలైన రాత

మన బడుల్లో చేతిరాత అంటే చూచిరాత పుస్తకం నింపించడమే అన్నట్టుగా తయారైంది. పిల్లవాడు బోర్డు మీది పాఠాన్ని గుండ్రటి అక్షరాలతో దించుతాడు. అదే పిల్లవాణ్ణి తన ఊరి వాగు గురించి రెండు వాక్యాలు రాయమంటే పెన్సిలు కదలదు. ఈ తేడా అర్థం కావాలంటే, రాతను ఎవరు ఎలా నేర్పారో, ఎవరికి నేర్పారో ఆ చరిత్రను మనం చూడాలి.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో బడుల వివరాలు పంపమని కలెక్టర్లను అడిగాడు. బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదికలో తెలుగు, కన్నడ వీధిబడుల తీరు కనిపిస్తుంది. అక్కడ పిల్లవాడు అక్షరాన్ని పలకడంతో కాకుండా, ఇసుకలో వేలితో రాయడంతో చదువు మొదలుపెట్టేవాడు. వేలు బాగా తిరిగాకే తాటాకు మీద గంటంతో గానీ, కాగితం మీద రెల్లు కలంతో గానీ రాయనిచ్చేవారు. బట్టకు బొగ్గు, జిగురు పట్టించి చేసిన కడితం వాళ్లకు పలకలా పనికొచ్చేది. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు దిద్దబెట్టేవారు. ఖర్చు తక్కువ, చేయి మాత్రం గట్టిపడేది.

ఈ పద్ధతి సముద్రం కూడా దాటింది. మద్రాసు ఎగ్మోరులో సైనికుల అనాథ పిల్లల బడి నడిపిన ఆండ్రూ బెల్, ఇక్కడి పిల్లలు ఇసుకలో రాయడం చూసి తన బడిలోనూ పెట్టాడు. 1797లో దాని మీద పుస్తకం అచ్చువేశాడు. ఆ తర్వాత ఇంగ్లండులో అది ‘మద్రాసు పద్ధతి’గా పేరు పొందింది.

అయితే ఆ ఇసుక ముందు కూర్చున్నది ఎవరు? క్యాంప్‌బెల్ లెక్కలో 533 బడులు, 6,641 మంది పిల్లలు ఉన్నారు. అందులో ఆడపిల్లలు 60 మందే. కలెక్టర్లకు ఇచ్చిన పట్టికలో బ్రాహ్మణ, వైశ్య, శూద్ర, ఇతర కులాలు, ముస్లింలు అని గడులు ఉన్నాయి. ఆదివాసీలకంటూ ఒక గడి లేదు. నేల అందరిదే అయినా, దాని మీద అక్షరం దిద్దే హక్కు అందరికీ దక్కలేదు.

మన వైపు చూస్తే, 1943లో ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ ఆధ్వర్యంలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. గోండీ వాచకాలు దేవనాగరి లిపిలో తయారయ్యాయి. మన పిల్లలకు మన మాటలోనే, మన మనిషే రాత నేర్పడం అక్కడ ఒక పథకంగా నడిచింది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గోండీ, కోయ, కొలామీ, సవర వంటి ఎనిమిది భాషల్లో బహుభాషా విద్య వచ్చింది. అప్పుడు తీసుకున్నది తెలుగు లిపిని. మరోవైపు నార్నూర్ మండలం గుంజాలలో గోండీ రాతప్రతులు వెలుగులోకి వచ్చాయి. ఆ లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. మనకు రాతే లేదన్న మాటకు ఆ ప్రతులే జవాబు.

ఇప్పటి పరిశోధన ఏమంటోంది? అమెరికాలో కరిన్ జేమ్స్, లారా ఎంగెల్‌హార్ట్ ఇంకా చదవడం రాని అయిదేళ్ల పిల్లలతో చేసిన అధ్యయనం 2012లో వెలువడింది. అక్షరాలను కొన్ని చేత్తో సొంతంగా రాయించారు, కొన్ని చుక్కల గీత మీద దిద్దించారు, కొన్ని మీట నొక్కించారు. తర్వాత అక్షరాలు చూపిస్తూ మెదడును పరీక్షించారు. చదివేటప్పుడు పనిచేసే భాగాలు బాగా మేల్కొన్నది సొంతంగా రాసిన అక్షరాలకే. పిల్లవాడి ‘అ’ ప్రతిసారీ ఒకేలా రాదు. ఆ వంకరల్లోనే ఏది మారినా అది ‘అ’ గానే ఉంటుందో వాడికి తెలుస్తుంది. అది ఇంగ్లిషు అక్షరాలతో, కొద్దిమంది పిల్లలతో చేసిన పని. అయినా వేలితో ఇసుకలో రాయించిన పంతుళ్ల వరసకు అది దగ్గరగానే ఉంది.

స్టీవ్ గ్రాహం, తాన్యా శాంటాంజెలో 2016లో ఎన్నో అధ్యయనాలను కలిపి చూశారు. చేతిరాత నేర్పితే దస్తూరి ఒక్కటే బాగుపడదని, పిల్లలు రాసే విషయం కూడా మెరుగుపడుతుందని తేల్చారు. కారణం మనకు తరగతిలో కనిపించేదే. వత్తు ఎటు తిప్పాలా అని తడుముకునే పిల్లవాడికి చెప్పాలనుకున్న మాట మధ్యలోనే జారిపోతుంది.

కాబట్టి మనం చూచిరాతను పారేయనక్కర్లేదు. అక్కడే ఆగకపోతే చాలు. ఒకటో తరగతిలో ఇసుక, దుమ్ము, వేలు చాలు. అక్షరాన్ని చూపించి, మూసేసి, తలచుకుని రాయమందాం. రోజూ పది నిమిషాలు చాలు, కానీ రోజూ ఉండాలి. చేయి తిరిగిన మర్నాటి నుంచే ఇంటి మాటలో ఒక వాక్యం రాయిద్దాం. అవ్వ పేరు, చెట్టు పేరు, పండుగ పేరు. కోయ మాటైనా, కొలామీ మాటైనా తప్పని కొట్టేయొద్దు. పట్టికలో గడి లేని వాళ్ల పిల్లలు తమ మాటను తామే రాసుకుంటే, వాళ్ల గడిని వాళ్లే గీసుకున్నట్టు.