అటెన్‌బరో వారిది ఏ ఊరు?

మా అమ్మమ్మకి ఒక అలవాటుండేది. కొత్తమనిషి గడపలో కాలుపెట్టడమే తడవు, మంచినీళ్ళ గ్లాసు చేతికందించే లోపలే, "ఏ ఊరమ్మా మీది? ఇంటిపేరేమిటీ?" అని అడిగేసేది. ఆ రెండూ తెలిస్తే చాలు, వచ్చినావిడ ఎవరి మేనకోడలో, ఎవరికి వియ్యపురాలి వరసో వేళ్ళమీద లెక్కపెట్టి చెప్పేది.

నా చిన్నతనంలో ఒకరోజు టీవీలో "గాంధీ" సినిమా వేశారు. ఇంటిల్లిపాదీ చాపలు పరుచుకుని కూర్చున్నాం. పేర్లు పడుతూంటే మామయ్య "దర్శకుడు రిచర్డ్ అటెన్‌బరో" అని పైకి చదివాడు.

"తీసింది తెల్లవాడా? బాపూ కథ తీశాడంటే మంచివాడే అయుంటాడు," అంది అమ్మమ్మ. ఒక్క క్షణం ఆగి, "ఇంతకీ అటెన్‌బరో వారిది ఏ ఊరుట?" అంది.

అందరం పగలబడి నవ్వాం. తరవాత ఏళ్ళ తరబడి మా ఇంట్లో అదో హాస్యం.

నలభయ్యోపడిలో పడ్డాక, నా నవలలో ఒక ఇంగ్లీషు దొరసానికి పేరు పెట్టాల్సివచ్చి, వాళ్ళ ఇంటిపేర్ల మీద పుస్తకాలు తిరగేశాను. అప్పుడు తెలిసింది, అమ్మమ్మ ప్రశ్నలో నవ్వాల్సిందేమీ లేదని. అటెన్‌బరో అన్నది నిజంగానే ఒక ఊరి పేరు!

ఇంగ్లండు నడిబొడ్డున నాటింగ్‌హామ్ అనే పట్నం ఉంది. దానికి నైరుతిగా కొద్దిమైళ్ళ దూరంలో, ట్రెంట్ నది ఒడ్డున ఉంది ఈ అటెన్‌బరో గ్రామం. సెయింట్ మేరీ పేరున ఒక పాత చర్చి, దాని పక్కన కంకర తవ్వగా మిగిలిన గోతుల్లో నీళ్ళు నిండి ఏర్పడ్డ చెరువులు, వాటినిండా నీటిపక్షులు. రాజు తల తీయించిన క్రాంవెల్ గురించి మనలో చాలామంది బి.ఏ.లో చదువుకున్నాం కదా, ఆయన అల్లుడు హెన్రీ ఐర్టన్ 1611లో పుట్టింది ఈ ఊళ్ళోనే. పక్షుల చెరువుల్ని 1966లో రక్షిత ప్రాంతంగా ప్రారంభించింది ఎవరనుకున్నారు? టీవీలో జంతువుల గురించి మెత్తటి గొంతుతో చెప్పే డేవిడ్ అటెన్‌బరో. మన "గాంధీ" తీసినాయనకి సాక్షాత్తూ తమ్ముడు. తన ఇంటిపేరున్న ఊరికి తనే అతిథిగా వెళ్ళాడన్నమాట.

ఆ ఊరికి ఆ పేరెలా వచ్చిందంటారా? పాత ఇంగ్లీషులో "బర్" అంటే చుట్టూ గోడో గట్టో కట్టుకున్న కోటలాంటి నివాసం. వెయ్యేళ్ళ కిందటి మాట. అడ్డా అనో ఎడ్డి అనో పేరున్న ఆసామి ఒకడు అక్కడ కోట కట్టుకున్నాడు. అతని కోట ఊరి పేరయింది, ఊరి పేరు జనానికి ఇంటిపేరయింది. (మన కుర్రాళ్ళు టీకొట్టు దగ్గర వేసే అడ్డాకీ దీనికీ సంబంధం లేదు లెండి!)

ఇంగ్లీషువాళ్ళకి మొదటినుంచీ ఇంటిపేర్లు లేవు. 1066లో నార్మన్లు వచ్చి ఇంగ్లండుని జయించేదాకా అక్కడి జనానికి ఒంటిపేరే. ఆ తరవాత మెల్లగా భూములున్న ప్రభువులు ఇంటిపేర్లు పెట్టుకున్నారు. వాళ్ళని చూసి మామూలు జనానికీ అలవాటయింది. సుమారు 1400 నాటికి చాలా కుటుంబాల్లో తండ్రి పేరు కొడుక్కి వారసత్వంగా రావడం స్థిరపడింది. కొందరికి వృత్తిని బట్టి వచ్చింది: కమ్మరి స్మిత్ అయ్యాడు, దర్జీ టైలర్ అయ్యాడు. కొందరికి తండ్రి పేరు, కొందరికి రూపురేఖలు. చాలామందికి ఊరి పేరు.

ఇక్కడొక చిన్న కిటుకుంది. అటెన్‌బరోలో ఉంటున్నంతకాలం ఎవరూ ఒకణ్ణి "అటెన్‌బరో" అని పిలవరు. ఊరందరూ అటెన్‌బరోవాళ్ళే కదా! అతను ఊరు వదిలి, ఇంకోచోట కాపురం పెట్టినప్పుడే "అదిగో, ఆ అటెన్‌బరో నుంచి వచ్చినతను" అంటారు. మన వేమూరివారు, కొవ్వూరివారు కూడా అంతే. కాబట్టి ఊరిపేరు ఇంటిపేరయిందంటే, వెనకెప్పుడో ఒక మనిషి మూటాముల్లే సర్దుకుని ఊరు వదిలాడని అర్థం.

అయితే ఆ వదిలినవాళ్ళు ఎంతో దూరం పోలేదు. అటెన్‌బరో చాలా అరుదైన ఇంటిపేరు. ఈనాటికీ అది నాటింగ్‌హామ్‌షైర్‌లో, దాని పక్క జిల్లా డార్బీషైర్‌లో ఎక్కువ. ఈ సంగతి ఒక్క ఈ పేరుకే కాదు. 1890లో గప్పీ అనే ఆయన, బ్రిటన్ అంతటా ఏ జిల్లాలో ఏ ఇంటిపేర్లున్నాయో ఒక పుస్తకం వేశాడు. అందుకోసం ఆయన ఎన్నుకున్నది వ్యవసాయదారుల్ని. వ్యాపారస్థుడు ఊళ్ళు మారుతాడు, ఉద్యోగస్థుడికి బదిలీ అవుతుంది, రైతు మాత్రం నేలని అంటిపెట్టుకుని ఉంటాడు గదా అని. కొన్ని పేర్లు వందల ఏళ్ళపాటు ఒకే జిల్లాని వదలలేదని ఆయనకి తేలింది.

మరి అరుదెందుకయింది? దీనికి జవాబు లెక్కల్లో ఉంది. 1873లో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే పండితుడు ఒక పత్రికలో లెక్క ఇచ్చాడు: ఒక్కో తరంలో ఒక్కొక్కరికి ఇంతమంది కొడుకులనుకుంటే, ఎన్ని తరాలకి ఒక ఇంటిపేరు అంతరిస్తుంది? వాట్సన్ అనే మతగురువు దాన్ని సాధించే ప్రయత్నం చేశాడు. 1874లో ఇద్దరూ కలిసి ప్రచురించారు. కొడుకులు పుట్టని ఇంట్లో ఇంటిపేరు అక్కడితో ఆఖరు. అలా తరతరానికీ పేర్లు రాలిపోతూనే ఉంటాయి. పైగా 1348లో వచ్చిన మహమ్మారి ప్లేగు ఇంగ్లండులో కనీసం మూడోవంతు జనాన్ని తుడిచిపెట్టింది. ఒక ఊళ్ళో నలుగురు అటెన్‌బరోలుంటే, ముగ్గురి వంశాలు ఆగిపోయి ఒక్కడిది మిగలడం ఆశ్చర్యం కాదు.

ఈ లెక్క చదువుతున్నప్పుడు నాకో మాట చివుక్కుమంది. లెక్కంతా కొడుకులదే. కూతుళ్ళకి లెక్కే లేదు! ఆ ఇంట్లో నలుగురు ఆడపిల్లలు నిక్షేపంలా పెరిగి, పిల్లాపాపలతో సుఖంగా ఉన్నా, "వంశం అంతరించింది" అనే రాస్తారు. నా మొదటి నవల మీద పుట్టింటిపేరుంది, రెండోదాని మీద అత్తవారిపేరు. "మొదటావిడ బాగా రాసేవారు, ఎందుకో మానేశారు. మీరూ ఫరవాలేదు," అని ఒక పాఠకురాలు ఉత్తరం రాసింది. నవ్వుకున్నాను గానీ, ఆ రాత్రి ఎందుకో నిద్ర పట్టలేదు.

సరే, అసలు కథకి వస్తాను. ఇన్నాళ్ళూ కాగితాల్లో వెతికిన ఇంటిపేర్ల చరిత్రని రక్తంలో వెతికే రోజులొచ్చాయి. 1984లో లెస్టర్ విశ్వవిద్యాలయంలో అలెక్ జెఫ్రీస్ డి.ఎన్.ఎ. వేలిముద్రలు కనిపెట్టాడు. తండ్రినుంచి కొడుకుకి మాత్రమే వెళ్ళే వై క్రోమోజోమ్ అనే పదార్థం ఒకటుంది. ఇంటిపేరూ అదే దారిన వెళుతుంది కదా, రెండూ కలుస్తాయా అని చూశారు అక్కడి టూరీ కింగ్, మార్క్ జాబ్లింగ్ అనే శాస్త్రజ్ఞులు. నలభై ఇంటిపేర్లున్న పదహారు వందలమందికి పైగా మగవాళ్ళని పరీక్షించి 2009లో ఫలితాలు చెప్పారు. స్మిత్‌లలో ఏ పోలికా లేదు. ఉంటుందా మరి? ఊరూరా కమ్మరి ఉన్నాడు. అటెన్‌బరోలలో మాత్రం నూటికి ఎనభైమందికి పైగా ఒకే గుర్తు! ఊరు వదిలి వచ్చిన ఒక్క మనిషి పిల్లలే అంతమందీ అయ్యారన్నమాట.

ఇందులో ఇంకో చిత్రముంది. రిచర్డ్, డేవిడ్‌ల తండ్రి ఫ్రెడరిక్ అటెన్‌బరో పాత ఇంగ్లీషు పండితుడు. తొలినాటి ఇంగ్లీషు రాజుల చట్టాలని అనువదించి 1922లో ప్రచురించాడు. 1932 నుంచి 1951 దాకా ఆయన ప్రిన్సిపాల్‌గా పనిచేసిన కాలేజీయే తరవాత లెస్టర్ విశ్వవిద్యాలయమయింది. ఆయన ఇంటిపేరు గుట్టు ఆయన పెంచిన విద్యాలయమే విప్పింది!

మరి మిగిలిన కొద్దిమంది సంగతేమిటి? పేరు అటెన్‌బరోయే, గుర్తు మాత్రం వేరు. ఇక్కడే చెవులు కొరుక్కుంటారు కొందరు. ఆగండి. దత్తత వెళ్ళిన పిల్లవాడున్నాడు, మారుతండ్రి పేరు పెట్టుకున్నవాడున్నాడు, పెళ్ళికాని తల్లి తన పేరే ఇచ్చి పెంచుకున్న బిడ్డ ఉన్నాడు. అన్నీ కలిపినా తరానికి నూటికి ఒకటినుంచి నాలుగైదు మించవని వాళ్ళే లెక్కకట్టారు. ఇదే లెస్టర్ బృందం 2007లో ఇంకో వింత బయటపెట్టింది. యార్క్‌షైర్‌కి చెందిన ఒక అరుదైన ఇంటిపేరున్న పద్ధెనిమిదిమందిని పరీక్షిస్తే, ఏడుగురిలో అంతవరకూ పశ్చిమ ఆఫ్రికావాళ్ళలోనే కనబడిన గుర్తు కనబడింది. చూడటానికి అచ్చమైన తెల్లవాళ్ళు. తమ పూర్వీకుల్లో ఒక ఆఫ్రికావాడున్నాడని వాళ్ళకే తెలియదు. ఇంటిపేరు ఇంగ్లీషుదే. ఆ తాత ఏ ఓడలో వచ్చాడో, ఎవరి చెయ్యి పట్టుకున్నాడో!

అసలు కుటుంబమంటే రక్తమేనా? 1939లో హిట్లరు బారినుంచి తప్పించుకుని బెర్లిన్ నుంచి ఇద్దరు యూదు అక్కచెల్లెళ్ళు ఇంగ్లండు చేరారు. అమెరికాలో ఉన్న బంధువు దగ్గరికి వెళ్ళాల్సిన వాళ్ళు, యుద్ధం మొదలై చిక్కుబడిపోయారు. అటెన్‌బరో దంపతులు తమ ముగ్గురు కొడుకులనీ కూర్చోబెట్టి సంగతి చెప్పి, వాళ్ళు సరేనన్నాక ఆ పిల్లల్ని ఇంట్లో పెట్టుకున్నారు. యుద్ధం ముగిసేదాకా పిల్లలు ఐదుగురు. ఏ పరీక్షలోనూ కనబడని చుట్టరికం అది.

చివరగా ఒక రాజుగారి ముచ్చట. 1485లో యుద్ధంలో చనిపోయిన మూడో రిచర్డు రాజు అస్థికలు 2012లో అదే లెస్టర్ పట్నంలో, కార్లు నిలిపే స్థలం కింద దొరికాయి. ఆయనవేనని రుజువు చెయ్యాలి. మగ వారసత్వం కోసం రాజవంశపు శాఖకి చెందిన సోమర్సెట్ ఇంటిపేరున్న అయిదుగురిని పరీక్షించారు. వంశవృక్షాలు, బిరుదులు, కాగితాలు అన్నీ సవ్యంగా ఉన్నాయి. గుర్తు మాత్రం ఒక్కరిదీ కలవలేదు. ఎక్కడో ఒక తరంలో తెగింది.

మరెలా తేలిందంటారా? తల్లినుంచి పిల్లలందరికీ వచ్చే గుర్తు ఒకటుంది. కూతురి ద్వారానే అది కిందికి వెళుతుంది. రాజుగారి అక్క ఏన్, ఆవిడ కూతురు, ఆ కూతురి కూతురు... ఇలా అయిదువందల ఏళ్ళ కిందకి వస్తే, లండన్లో సామాను చేసుకునే ఒక వడ్రంగి దగ్గర తేలింది. పేరు మైకేల్ ఇబ్సెన్. అతని గుర్తు రాజుగారి ఎముకల్లో ఉన్నదానితో అచ్చంగా సరిపోయింది. 2015లో రాజుని తిరిగి సమాధి చేసినప్పుడు శవపేటిక చేసింది కూడా అతనే.

ప్రతి తరంలోనూ ఇంటిపేరు మార్చుకుంటూ పోయిన ఆడవాళ్ళు, ఏ శిలాఫలకం మీదా వంశం పేరు నిలపని ఆడవాళ్ళు, రాజుగారి ఆచూకీ భద్రంగా చేతులు మార్చుకుంటూ తెచ్చి అప్పగించారు. పేరు నిలబెట్టిన మగవాళ్ళ దారి మధ్యలో తెగిపోయింది.

ఇది చదివిన రోజు నాకు అమ్మమ్మ గుర్తొచ్చింది. ఊరందరి ఇంటిపేర్లూ అడిగిన మనిషి. ఆవిడ పుట్టింటివారి ఇంటిపేరేమిటో నేను ఒక్కసారీ అడగలేదు. వెంటనే అమ్మకి ఫోన్ చేశాను. అమ్మ కాసేపు ఆలోచించి చెప్పింది. అదీ ఒక ఊరి పేరే. డైరీలో రాసుకున్నాను.

"మరి అమ్మమ్మ వాళ్ళమ్మ పుట్టింటివారు?" అన్నాను.

అవతలనుంచి చాలాసేపు మాట లేదు. "ఏమోనే తల్లీ. అడగాలని ఎప్పుడూ తోచలేదు," అంది అమ్మ.

మీ అమ్మమ్మ పుట్టింటిపేరు మీకు తెలుసా? తెలియకపోతే, చెప్పేవాళ్ళు ఉండగానే, ఈ పూటే అడిగి రాసుకోండి.