రోజా, మధుమేహము: బెంగుళూరు రోగుల చరిత్రలో నొక ప్రకరణము

బెంగుళూరు ఫ్రేజరు టౌనునందలి మసీదు వీథి రంజాను సాయంకాలపు వంటకములకు ఏండ్ల తరబడి ప్రసిద్ధి కెక్కినది. అదే నగరమున, కొట్టిగేపాళ్యమందు, ఆహారమునే చికిత్సగా నెంచు యునానీ వైద్యమునకు 1984లో జాతీయ సంస్థ యొకటి వెలసినది. ఈ రెంటి నడుమ నున్నవాడు మధుమేహ రోగి. రాయలసీమనుండి వైద్యమునకై యిచటికి వచ్చు తెలుగు ముసల్మానులకును ఈ చిక్కు క్రొత్త కాదు.

రోగికి ఉపవాసమునుండి సడలింపు ఖురాను రెండవ అధ్యాయముననే కలదు. అనంతపురమున అధ్యాపకులై, 1928 నాటి నంద్యాల సభలో 'రాయలసీమ' యను పేరు సూచించిన చిలుకూరి నారాయణరావుగారి ఖురాను అనువాదము 1938 నాటికే వెలువడి యుండుటచే, ఆ సడలింపు తెలుగునను చదువుకొనదగినదై యుండెను. అయినను రోగులు దానిని గైకొనుట యరుదు. కారణము విచారింపదగినది. జ్వరము వచ్చినవాడు కోలుకొని, విడిచిన దినములను పిదప పూరించుకొనును. మధుమేహికి ఆ 'పిదప' రాదు. అట్టివానికి దినమున కొక పేదకు అన్నము పెట్టు 'ఫిద్యా' విధింపబడినది. కాని యింటిల్లిపాదియు సహరికి మేల్కొనగా తానొక్కడు పడకపై నుండుట ఫిద్యాతో తీరు వెలితి కాదు.

ఒక విధముగా ఈ సమస్య ఇన్సులిను బిడ్డయే. 1921లో టొరాంటోనందు అది కనుగొనబడక పూర్వము, ఆ మందు లేక బ్రదుకజాలని రోగులు పెక్కేండ్లు జీవించి రంజానులను లెక్కించుకొను అవకాశమే లేకుండెను. 1997లో జిద్దాయందలి ఇస్లామీయ ధర్మశాస్త్ర పరిషత్తు, పోషక ద్రవములు తక్క చర్మమున, కండరమున పొడుచు సూదిమందులు రోజాను భంగపరుపవని తీర్మానించినది.

వైద్యుల దృష్టిని మార్చినది 2001లో భారతదేశముతో కూడ 13 దేశములలో 12,243 మంది రోగులపై జరిగిన పరిశీలన. రెండవ రకపు మధుమేహులలో నూటికి 79 మంది, మొదటి రకమువారిలో 43 మంది కనీసము పదునైదు దినములు ఉపవసించిరి. రంజానున రెండవ రకమువారికి చక్కెర ప్రమాదకరముగా పడిపోవుట ఏడున్నర రెట్లు పెరిగెను. 'వలదు' అనుటతో వైద్యుని బాధ్యత తీరదని తేలినది. వలదన్నచో రోగి చెప్పకయే ఉపవసించును. మాత్రల వేళలను తానే మార్చుకొనును. అందువలననే 2016 నాటి అంతర్జాతీయ మార్గదర్శకములు, రంజానునకు ఆరు మొదలు ఎనిమిది వారములు ముందుగనే వైద్యుని చూడవలెనని నిర్దేశించినవి. చక్కెర 70కి తగ్గినను, 300 మించినను ఉపవాసము విరమింపవలెను.

చాంద్రమానమున రంజాను ఏటేట పదిపదునొకండు దినములు ముందునకు జరుగుచు, ముప్పదిమూడేండ్లకు ఋతువులన్నియు చుట్టివచ్చును. బెంగుళూరున ఉపవాసకాలము శీతకాలమున పండ్రెండున్నర గంటలు, వేసవిలో సుమారు పదునాలుగు. ఎండలు ముదిరిన మధ్యాహ్నము దాటి సూర్యాస్తమయము వరకు గల ఘడియలే మిక్కిలి గడ్డువి. ఆ వేళ చేయి వణకినను, చెమట పట్టినను, దానిని ఉపవాసపు నీరసమేయని యెంచి రోగి యోర్చుకొనును. నిజము చెప్పగలది వేలికొన నుండి తీయు రక్తపుబొట్టు. అది రోజాను భంగపరుపదని పండితు లనుచుండినను, రోగు లనేకులు భంగపరుచుననియే భయపడి ఆ పరీక్షను సాయంకాలమునకు వాయిదా వేయుచున్నారు.