ఒకే లెక్క, రెండు పలకలు

మా యర్రగొండపాలెం బళ్ళో అందరివీ మార్కాపురం పలకలే. భాగహారం తెగకపోతే అంకెలు చెక్క చట్రం దాకా వచ్చి ఆగిపోయేవి. చోటు లేదు కాబట్టి అదే జవాబు. పెద్ద పలక ఉన్నవాడికి ఇంకో అంకె వచ్చేది. ఇద్దరిదీ రైటే, కానీ రెండూ ఒకటి కాదు. కంప్యూటర్లో ఫ్లోటింగ్ పాయింట్ లెక్క కూడా ఇంతేనని నాకు అర్థం కావడానికి, ఉద్యోగంలో చేరాక కూడా చాన్నాళ్ళు పట్టింది.

1992లో ల్యాపాక్ విడుదలైంది. టెన్నెసీ, బర్కిలీ తదితర విశ్వవిద్యాలయాల వాళ్ళు ఫోర్ట్రాన్‌లో రాసి, సోర్సు ఊరికే ఇచ్చేశారు. ఈరోజు మనం పైథాన్‌లో నంపై పిలిచి మాట్రిక్స్ సమీకరణాలు సాధిస్తే అడుగున పని చేసేది ఆ వంశం కోడే. అప్పటికి ఐఈఈఈ 754 ప్రమాణం వచ్చి (1985) ఏడేళ్ళయింది గానీ, అందరూ దాని దారికి రాలేదు. ముఖ్యంగా క్రే సూపర్ కంప్యూటర్లు.

వాటిలో తీసివేతకి గార్డ్ డిజిట్ ఉండేది కాదు. అంటే పలక అంచున ఒక అదనపు గడి. మూడంకెల పలక మీద 1.00 లోంచి 0.999 తీసెయ్యండి. స్థానాలు సర్దేటప్పుడు చివరి 9 కి చోటుండదు. అది రాలిపోతే 0.99 మిగుల్తుంది, జవాబు 0.01. అసలు జవాబు 0.001. పదింతల తప్పన్నమాట!

దీనికి ల్యాపాక్ వాళ్ళు చేసిన పని నాకు భలే ఇష్టం. ఐగెన్ విలువలు కట్టే ఒక రొటీన్‌లో, ప్రతి సంఖ్యనీ దానికే కలిపి, వెంటనే దాన్ని తీసేసేవాళ్ళు. రెండు ఎక్స్ మైనస్ ఎక్స్. మామూలు మెషీన్ మీద ఏమీ మారదు. క్రే మీద మాత్రం చివరి బిట్టు సున్నా అయిపోతుంది, దాంతో తర్వాత జరిగే తీసివేతలు క్షేమం. కంపైలర్ తెలివి మీరి ఈ లైను ఎగరగొట్టకుండా, కూడిక ఒక్కటే చేసే బుల్లి ఫంక్షన్ వేరే రాశారు. పైన ఇదంతా ఎందుకో వివరిస్తూ పొడుగాటి కామెంటు. ఆ కామెంటు లేకపోయుంటే ఎవరో ఒకరు కోడ్ రివ్యూలో "అనవసరం" అని పీకేసేవాళ్ళే. నేనైతే పీకేసేవాణ్ణి.

మరి ప్రతి మెషీన్‌లో జవాబు కాస్త తేడాగా వస్తుంటే టెస్టు ఎలా చెయ్యాలి? ల్యాపాక్‌తో వచ్చే టెస్టులు ఎక్కడో దాచిన జవాబుతో పోల్చవు. వచ్చిన జవాబుని తిరిగి సమీకరణంలో పెట్టి, ఎంత శేషం మిగిలిందో చూసి, దాన్ని మాట్రిక్స్ పరిమాణంతోనూ ఆ మెషీన్ ఎప్సిలాన్‌తోనూ భాగిస్తాయి. సమీకరణాల టెస్టుల్లో ఆ నిష్పత్తి మామూలుగా 30 దాటకూడదు. అంటే "నీ పలక సైజుకి ఈ తప్పు న్యాయమేనా" అని అడగడం.

జీఎంపీ (1991) సంగతి వేరు. అవి పెద్ద పెద్ద పూర్ణాంకాలు, ఒక్క బిట్టు కూడా తేడా రాకూడదు. మేక్ చెక్ నడపకుండా మా లైబ్రరీ వాడొద్దనీ, కంపైలర్లు దీన్ని తప్పుగా కంపైల్ చేస్తాయనే అనుకొమ్మనీ దాని రచయితలు ఖరాఖండీగా చెప్తారు.

ఇక మన ఇళ్ళలోకొచ్చిన పీసీల గొడవ. ఇంటెల్ పాత ఎక్స్87 రిజిస్టర్ 80 బిట్ల పెద్ద పలక, మెమరీలో డబుల్ 64 బిట్ల చిన్న పలక. కంపైలర్ విలువని ఎప్పుడు దేన్లోంచి దేన్లోకి ఎక్కిస్తుందో దాని ఇష్టం. ఆప్టిమైజేషన్ పెంచితే జవాబు మారేది. జీసీసీలో 323 నంబరు బగ్గు 2000లో నమోదైంది, తర్వాత ఎంతమంది అదే బగ్గుని మళ్ళీ మళ్ళీ పెట్టారో! 64 బిట్ మెషీన్లలో ఎస్ఎస్ఈ2 వాడకం వచ్చాక ఆ పోరు తగ్గింది.

హమ్మయ్య అనుకుంటే ఆర్మ్ వచ్చింది. అక్కడ జీసీసీ ఆప్టిమైజ్ చేసేటప్పుడు గుణకారం, కూడిక కలిపి ఒకే ఇన్‌స్ట్రక్షన్‌గా చేసేస్తుంది, మధ్యలో రౌండింగ్ లేకుండా. నిజానికి ఇది ఎక్కువ కరెక్టు. కానీ పాత జవాబుతో సరిపోదు.

ఐదారేళ్ళ క్రితం మా టీమ్ సర్వర్లు ఆర్మ్‌కి మార్చినప్పుడు పధ్నాలుగు టెస్టులు ఎర్రగా వెలిగాయి. అవన్నీ పాత మెషీన్ జవాబులతో పోల్చేవే. నాకు ఎక్స్87 కథ తెలుసుగా, ఆ గర్వంతో ఒక్కటి కూడా విప్పి చూడకుండా, పన్నెండో దశాంశం దాకా సరిపోవాలన్న షరతుని ఆరో దశాంశానికి సడలించా. అన్నీ పచ్చబడ్డాయి. "ప్లాట్‌ఫాం తేడా" అని కమిట్ మెసేజ్ కూడా రాశా.

వాటిలో పదమూడు నిజంగా ప్లాట్‌ఫాం తేడాలే. పధ్నాలుగోది, ఒక అర్రేలో చివరి గడిని నేను సున్నా చెయ్యడం మర్చిపోయింది. పాత మెషీన్లో అక్కడ అదృష్టం కొద్దీ సున్నా ఉండేది. కొత్తదాన్లో అంతకుముందు లెక్క తాలూకు చెత్త. ఏడు నెలల తర్వాత పెద్ద డేటా వచ్చినప్పుడు బయటపడింది. అప్పుడు కూర్చుని ల్యాపాక్ తరహాలో శేషం టెస్టు రాసి, ఆ పాత బిల్డు మీద, ఆ చిన్న డేటాతోనే నడిపా. 30 దాటకూడని చోట నాలుగు లక్షల పైచిలుకు వచ్చింది.