జాడీ పుట్టిల్లు

హైదరాబాదు జుమ్మేరాత్ బజారులాంటి పాతసామాన్ల సంతల్లోనూ, చెట్టినాడులోని కారైకుడి దుకాణాల్లోనూ గోధుమరంగు భుజాలు, తెల్లటి పొట్ట ఉన్న పింగాణీ జాడీల కోసం వెతికేవాళ్లు ఉంటారు. అమ్మేవాళ్లు జాడీని అనాదిగా వస్తున్న అచ్చ తెలుగు వస్తువంటారు. అడుగున కంపెనీ ముద్ర కనబడితే కొనేవాళ్లు పెదవి విరుస్తారు. రెండూ పొరపాటేనని నా అభిప్రాయం. జాడీ సముద్రం మీద వచ్చింది, బొగ్గు బట్టీల్లో చవకైంది, ఆ తర్వాతే మన వంటింటిదైంది. దాని విలువంతా ఆ ప్రయాణంలోనే ఉంది.

ముందు మట్టి సంగతి చూడాలి. కుమ్మరి ఆవంలో కాలిన మామూలు కుండకు ఒళ్లంతా సన్నని రంధ్రాలే. మంచినీళ్లను చల్లబరిచే ఆ గుణమే ఊరగాయకు శత్రువు: ఊట బయటికి చెమర్చి ఉప్పు పూస్తుంది, గోడ పొరలు పొరలుగా రాలిపోతుంది. సుమారు 1200 డిగ్రీల వేడిలో కాలి రాయిలా గట్టిపడిన మట్టికి, గాజులాంటి పూతకు ఈ బాధ లేదు. ఆ పూత వేసే పద్ధతుల్లో ఒకటి మండే బట్టీలోకి ఉప్పు చల్లడం. ఉప్పు ఆవిరై మట్టిలోని సిలికాతో కలిసి గాజుపొరగా మారుతుంది. ఉప్పును ఆపే తొడుగు ఉప్పుతోనే తయారవడం నాకు ఎప్పటికీ అబ్బురమే. పూత వేసిన పెద్ద జాడీలకు బర్మాలోని మర్తబాన్ రేవు పేరుమోసింది. హిందీ, ఉర్దూల్లో ఊరగాయ జాడీకి ఇప్పటికీ ఆ ఊరి పేరే. 14వ శతాబ్దంలో యాత్రికుడు ఇబ్న్ బతూతా తనకు కానుకగా వచ్చిన నాలుగు మర్తబాన్ల గురించి రాశాడు. వాటిలో ఉన్నవి ఓడ ప్రయాణానికి ఉప్పులో ఊరవేసిన అల్లం, మిరియాలు, నిమ్మ, మామిడి. మిరపకాయ లేదు. అది అమెరికా ఖండం నుంచి పోర్చుగీసుల ఓడల్లో వచ్చింది. మన ఆవకాయకు ఎరుపు కూడా సముద్రం మీదే వచ్చిందన్నమాట.

మన తీరంలోని రేవుల్లో పింగాణీ పెంకులు దొరికితే ఇళ్లలో జాడీలు ఉన్నట్టా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 1244లో కాకతీయ రాజు గణపతిదేవుడు మోటుపల్లి రేవు శాసనంలో, ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును లాక్కునేది లేదని, సుంకం మాత్రమే తీసుకుంటామని వర్తకులకు అభయమిచ్చాడు. నెల్లూరు తీరంలోని కొత్తపట్నంలో చైనా పింగాణీ పెంకులు బయటపడ్డాయి. ఇవి రాకపోకలకు సాక్ష్యం, అంతే. సామాన్యుడి అటక మీద జాడీ ఉందని వీటితో రుజువు కాదు. కాబట్టే కంపెనీ ముద్రకు గౌరవం ఇవ్వాలంటాను. 19వ శతాబ్దంలో బొగ్గు, తగిన మట్టి పక్కపక్కనే దొరికే రాణిగంజ్‌లో బర్న్ కంపెనీ మురుగు గొట్టాలతో పాటు కుండసామాను కూడా చేసింది. తర్వాత మన గూడూరులోనూ ప్రభుత్వ పింగాణీ కర్మాగారం నడిచింది. ఓడ వర్తకుడి సరుకు వాసెన కట్టిన ఆవకాయ జాడీ అయింది ఇలాంటి బట్టీల వల్లే.

నూరేళ్లు నిండనిది పురావస్తువెలా అవుతుందని మరో మాట. 1972 నాటి చట్టం పురావస్తువుకు నూరేళ్ల గీత గీసింది నిజమే. అది ఎగుమతినీ అమ్మకాన్నీ అదుపు చేయడానికి పెట్టిన గీత. చరిత్ర అక్కడితో ఆగిపోదు. పాత జాడీలో మళ్లీ పచ్చడి పెట్టే ఆలోచన మాత్రం వద్దు. పూతలో సీసం ఉంటే పులుపు దాన్ని కరిగించి పచ్చడిలోకి దించుతుంది. నన్ను నిజంగా బాధపెట్టేది వేరే ఉంది. మెరుపు కోసం నూనె మరకలు, మూతి చుట్టూ తాడు ఒరిపిడి గీతలు పోయేలా జాడీని తోమేస్తారు. ఏ కర్మాగారం చేసిందో అడుగున ముద్ర చెబుతుంది. ఎవరు ఎలా వాడారో చెప్పేవి ఆ మరకలూ గీతలే. జాడీని తోమకుండా తీసుకుని, అది ఏ ఊరి నుంచి, ఎలాంటి ఇంటి నుంచి వచ్చిందో దుకాణదారును అడిగి, చీటీ మీద రాసి అందులోనే వేసి ఉంచాలి.