కోరంగి ఖలాసీ జాడ ఎక్కడ?

మన గోదావరి జిల్లాల ముస్లిముల చరిత్ర అనగానే అందరూ రాజమండ్రిలోని 1324 నాటి మసీదుతో మొదలుపెడతారు. మంచిదే. రాతిమీద పేరు చెక్కించుకోగలిగినవారికి చరిత్ర మిగిలింది. మరి ఓడలమీద జీతానికి పోయిన మనవాళ్ళ సంగతేమిటి? అటువంటి ఒక ఖలాసీ జాడను కాగితాల ఆధారంగా ఎంతవరకు పట్టుకోవచ్చునో చెప్పడానికే మేము ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

కోరంగి నేడు తాళ్ళరేవు దగ్గర, మడ అడవుల పక్కన ఒక పల్లె. ఒకప్పుడు పెద్ద ఓడలు కట్టి, మరమ్మతు చేసిన రేవు. 1789 డిసెంబరు ఉప్పెన ఊరిని ముంచేసింది. 1839 నవంబరులో మరొకటి వచ్చింది. 'సైక్లోన్' అనే మాటను 1848లో తన పుస్తకంలో వాడిన హెన్రీ పిడింగ్టన్ ఈ ఊరి ఉప్పెన సంగతి వ్రాసినాడు. రేవు పూడిపోయి వ్యాపారం కాకినాడకు తరలింది గాని, పేరు మాత్రం సముద్రం దాటింది. బర్మాలో తెలుగువాళ్ళను 'కోరంగీలు' అనేవారు.

ఉర్దూ చెప్పుకునే మాకు మొదట కనబడే ఆధారం భాషే. 1811లో థామస్ రోబక్ కలకత్తాలో ఓడ పనివారి హిందుస్తానీ మాటలకు ఒక నిఘంటువు అచ్చువేసినాడు. తెల్ల అధికారికి ఖలాసీల భాష రాకపోతే ఓడ కదలదు మరి! నాఖుదా అంటే ఫారసీలో ఓడకు యజమాని. ఫారసీ 'సర్‌హంగ్' సరంగు అయింది. మన గోదావరి లాంచీ నడిపేవాణ్ణి ఇప్పటికీ సరంగు అనే అంటాము. చుక్కానికి మూలం అరబ్బీ 'సుక్కాన్'. ఇవి హిందువులు, ముస్లిములు కలిసి వాడిన మాటలు.

మాటలు దొరికినంత సులువుగా మనిషి దొరకడు. 1823 నాటి చట్టం లాస్కర్లను బ్రిటిషు నావికులుగా లెక్కించలేదు. వారి ఒప్పందాలు వేరే కాగితాలమీద వ్రాసేవారు, జీతమూ తక్కువే. పేరు వ్రాసేది ఇంగ్లీషు గుమాస్తా. షేక్ ఇమాం ఒక ఓడలో ఒక తీరుగా, మరో ఓడలో మరో తీరుగా ఉంటాడు. కనుక పేరు ఒక్కటే పట్టుకొని వెదికితే లాభం లేదు. తండ్రి పేరు, వయస్సు, ముందు పనిచేసిన ఓడ, ఈ మూడూ కలిస్తేనే మనిషి ఒక్కడని నమ్మాలి.

ఇక కాగితాలు ఎక్కడున్నాయో చూడండి! 1863 నుంచి 1938 వరకు బ్రిటిషు ఓడల సిబ్బంది పత్రాలలో సుమారు 70 శాతం కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. 1915 జాబితాలను ఇంగ్లండులో స్వచ్ఛంద కార్యకర్తలు ఎత్తి వ్రాసి, అందరూ వెదుకుకొనేలా పెట్టినారు. రెండో ప్రపంచయుద్ధంలో సముద్రంలో పోయిన సుమారు 6,500 మంది పేర్ల పుస్తకాలు బొంబాయిలోను, చిట్టగాంగులోను ఉంచబడినవి. చనిపోయినవాడి పేరు భద్రం. బతికి ఇల్లు చేరినవాడి పేరు కోసమే ఇంత తిప్పట!

న్యూఫౌండ్‌లాండ్ పత్రాలు మనిషి పేరున కాదు, ఓడ నంబరున, సంవత్సరం వారీగా సర్దినవి. కనుక తాత ఏ ఓడ ఎక్కినాడో తెలియాలి. అది ఉండేది ఖలాసీలు 'నల్లీ' అని పిలిచిన డిశ్చార్జి పుస్తకంలో. ఎక్కిన ఓడ, దిగిన తేదీ, హోదా అందులో వరుసగా ఉంటాయి. రంగూను నుంచి వచ్చిన ఏ ఇనపపెట్టెలోనైనా అటువంటిది కనబడితే చెదలకు వదలకండి. ఓడ పేరు, తేదీలు ఒక కాగితంమీద ఎత్తి వ్రాసి సంఘం కార్యదర్శికి అందజేయండి. అసలు పుస్తకం మీ ఇంట్లోనే ఉంచుకోండి.