ఆస్ట్రేలియాలో విజ్ఞాన సర్వస్వాల తొలి ప్రచురణ

1788లో తొలి వలస నౌకలతో సిడ్నీకి ఒక చెక్క ముద్రణ యంత్రం చేరినా, నడపగలవారు లేక అది కొన్నేళ్లు ఊరకే పడి ఉంది; ద్వీపాంతర శిక్షపై 1800లో వచ్చిన జార్జ్ హౌ, 1802లో ప్రభుత్వ ఉత్తర్వుల సంకలనాన్ని అచ్చువేయడంతో అక్కడ గ్రంథ ముద్రణ మొదలైంది. విజ్ఞాన సర్వస్వాలు మాత్రం చాలాకాలం బ్రిటన్ నుండే దిగుమతి అయ్యేవి, వాటిలో ఈ ఖండపు చరిత్రకూ ప్రకృతికీ దక్కిన చోటు స్వల్పం.

ఆ లోటును తీర్చబూనిన తొలి గ్రంథాలు వ్యక్తుల శ్రమఫలాలు. 1879లో హెనికర్ హీటన్ తేదీలనూ ప్రముఖుల జీవితాలనూ కూర్చిన నిఘంటువు వెలువడగా, 1881లో పత్రికా రచయిత డేవిడ్ బ్లెయిర్ మెల్బోర్న్ నుండి ‘సైక్లోపీడియా ఆఫ్ ఆస్ట్రలేషియా’ను ప్రకటించాడు. తర్వాత విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియా, పశ్చిమ ఆస్ట్రేలియా రాష్ట్రాలకు విడివిడిగా సైక్లోపీడియాలు వచ్చాయి. చివరిదాన్ని గ్రంథాలయాధికారి జె. ఎస్. బాటీ 1912–13లో రెండు సంపుటాలుగా సంపాదకత్వం వహించి తెచ్చాడు. స్థానిక వర్తకుల, భూస్వాముల జీవితచిత్రాలకు పెద్దపీట వేసిన ఈ సంపుటాలను నిష్పాక్షిక గ్రంథాలుగా గాక, ఆనాటి సంపన్న వర్గం తన్ను తాను చూసుకున్న తీరుకు సాక్ష్యాలుగా చదవడం మేలు.

నిజమైన జాతీయ ప్రయత్నం సిడ్నీలోని ఆంగస్ అండ్ రాబర్ట్‌సన్ సంస్థది. పుస్తక విక్రయంతో మొదలై ప్రచురణలోకి వచ్చిన ఈ సంస్థ అధిపతి జార్జ్ రాబర్ట్‌సన్ పూనికతో, 1925–26లో ‘ది ఆస్ట్రేలియన్ ఎన్‌సైక్లోపీడియా’ రెండు సంపుటాలుగా వెలువడింది. సంపాదకులలో ఆర్థర్ జోస్ చరిత్రకారుడు కాగా, హెర్బర్ట్ కార్టర్ పెంకు పురుగులపై పరిశోధించిన ఉపాధ్యాయుడు. ప్రపంచ విజ్ఞానమంతటినీ తలకెత్తుకోక తమ ఖండానికే పరిమితం కావడం వల్లనే ఈ పని పూర్తయిందని చెప్పాలి. దాదాపు అదే కాలంలో కొమర్రాజు లక్ష్మణరావు విశ్వవిషయాలన్నిటినీ తెలుగులోకి తేవాలని తలపెట్టిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం, 1923లో ఆయన మరణించేనాటికి ‘అ’కారం దాటలేదు, అయినా ఆ సంకల్పపు ఔన్నత్యం తక్కువది కాదు.

ఆస్ట్రేలియన్ సర్వస్వాన్ని పక్షిశాస్త్రవేత్త, పాత్రికేయుడు అలెక్ చిజమ్ ప్రధాన సంపాదకత్వంలో సమూలంగా తిరగరాసి, 1958లో 10 సంపుటాలుగా అదే సంస్థ ప్రచురించింది.