రాజనీతి శాస్త్రంలో ఆదివాసీ, అణగారిన వర్గాల పరిశోధకులు: ఖరగ్‌పూర్ ప్రాంతం

రాజ్యం, అధికారం, ప్రాతినిధ్యాలను పరిశీలించే రాజనీతి శాస్త్రంలోకి, ఆ అధికారపు బరువును అందరికంటే ఎక్కువగా మోసిన సమూహాలవారు పరిశోధకులుగా రావడం నేటికీ కష్టసాధ్యంగానే ఉంది. బెంగాల్ నాగపూర్ రైల్వేతో ఎదిగి, తెలుగు కార్మిక కుటుంబాలకు ఆవాసమైన ఖరగ్‌పూర్ పరిసరాల్లో సంతాలులు, లోధాలు నివసిస్తున్నారు. పుట్టుకనే నేరంగా లెక్కగట్టిన వలసపాలన నాటి నేరస్థ జాతుల చట్టం లోధాలపై ముద్ర వేసింది.

లోధా మహిళలలో తొలి పట్టభద్రురాలు చూనీ కొటాల్, మేదినీపూర్‌లోని విద్యాసాగర్ విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం చదువుతూ కులవివక్షపై ఫిర్యాదు చేసి, 1992 ఆగస్టు 16న ఖరగ్‌పూర్‌లో ఆత్మహత్య చేసుకుంది. ఆమె పక్షాన రచయిత్రి మహాశ్వేతాదేవి గళమెత్తింది. చూనీ చదివిన శాస్త్రం వేరైనా, ఆమె మరణం లేవనెత్తిన ప్రశ్న పూర్తిగా రాజకీయమైనదే: ప్రవేశం కల్పించిన సంస్థ లోపలి గౌరవానికి ఎవరు పూచీ?

కేంద్ర విద్యాసంస్థల్లో షెడ్యూల్డు తెగలకు 7.5 శాతం సీట్లు, పరిశోధకులకు జాతీయ ఫెలోషిప్ ఉన్నాయి. అమెరికాలో రాజనీతి శాస్త్ర సంఘం 1986లో ప్రారంభించిన రాల్ఫ్ బంచ్ వేసవి శిక్షణ, డిగ్రీ విద్యార్థులను ముందుగానే పరిశోధనకు సిద్ధం చేస్తుంది. ఇటువంటి ముందస్తు శిక్షణ ఇక్కడ మరింత అవసరం.

ఖరగ్‌పూర్ తెలుగువారి వంటి వలస కుటుంబాలకు మరో అడ్డంకి ఉంది. ఆంధ్రప్రదేశ్ నుంచి బొంబాయి వెళ్లిన కుటుంబానికి చెందిన మర్రి చంద్రశేఖరరావు కేసులో, స్వరాష్ట్రపు షెడ్యూల్డు హోదా వలస వెళ్లిన రాష్ట్రంలో వర్తించదని సుప్రీంకోర్టు 1990లో తీర్పు చెప్పింది.